మాత్సర్యమెరుగని యంత్రం

"షేర్లన్నీ మిషనే కొంటే మరి మనిషి ఏం జేస్తడు? కుర్చీల కూసోని చాయ్ తాగుతడా?"

గౌలిపురలో రాజన్న ఇంటి ముంగిట, ప్లాస్టిక్ కుర్చీ అంచున కూర్చున్న వరుణ్ ఈ ప్రశ్నకు నొచ్చుకోలేదు. అతడు ఒక మ్యూచువల్ ఫండ్ సంస్థ ఉద్యోగి. చిరునవ్వు అతని వృత్తిధర్మం. పక్కనున్న పూజిత మాత్రం, అడిగిన వేణుగోపాల్ వంక కనుబొమలు ముడిచి చూసింది. ఆ వీధిలోనే పుట్టి పెరిగిన పూజిత, ఆ సంస్థ ఫండ్లను అమ్మే ఏజెన్సీలో పనిచేస్తున్నది. కొన్ని గేదెలమ్మిన సొమ్ము ఎక్కడ పెట్టాలని పాలవ్యాపారి రాజన్న అడిగితే, వివరించడానికి వరుణ్‌ను వెంటబెట్టుకొని వచ్చింది.

అలా వెంటబెట్టుకొని రావడమే రాజన్న కుమారుడైన వేణుగోపాల్‌కు గిట్టలేదు.

"రూల్స్ మనుషులే రాస్తారు భయ్యా," అన్నాడు వరుణ్. "వాటి ప్రకారం ఏ షేర్ కొనాలి, ఎప్పుడు అమ్మాలి అన్నది అల్గారిథమ్ లెక్కగడుతుంది. దానికి భయం లేదు, ఆశ లేదు, కోపం లేదు."

"కుళ్లు?" అని అందించింది పూజిత, కంటికొనతో వేణుగోపాల్‌ను చూస్తూ.

"అస్సలు లేదు!"

అరిషడ్వర్గాన్ని జయించడానికి మునులు యుగాలపాటు తపించారు. ఈ యంత్రం ఆ ఆరుగురు శత్రువులూ లేకుండానే పుట్టింది. అక్కడ చోటు దొరకని ఆరవవాడు, మాత్సర్యుడు, నేరుగా వచ్చి వేణుగోపాల్ హృదయంలో పీట వేసుకొని కూర్చున్నాడు.

"నష్టమొస్తే?" అని గుచ్చాడు అతడు.

"వస్తది," అన్నది పూజిత సూటిగా. "నిన్నటిదాంక నడిచిన లెక్క రేపు నడవకపోవచ్చు. అందుకే రాజన్న మామా, అంత ఒక్కదాంట్లనే పెట్టకు. కొన్నేండ్లు ముట్టనన్న పైసలే పెట్టు."

"పిల్ల సాఫ్ సీదా చెప్తుంది. పెడదాం," అన్నాడు రాజన్న.

"వద్దు బాపు! మొఖం లేనిదాన్ని ఎట్ల నమ్ముతం?"

పూజిత లేచి నిలుచున్నది. "లొల్లి ఫండ్ మీదనా వేణూ, చెప్పనీకి వచ్చిన మనిషి మీదనా?"

వెళ్లబోతూ వరుణ్ రాజన్నకు చేతులు జోడించి, "రేపు ఆదివారం మా అమ్మానాన్నలు పూజితను చూడటానికి వస్తున్నారు అంకుల్. పెద్దవారు, మీరు కూడా ఉండాలి," అన్నాడు.

రాజన్న సంతోషించాడు. ఆయన కుమారుని ముఖం మాత్రం గ్రహణం పట్టిన చంద్రబింబమైంది.

ఆ సాయంత్రం వేణుగోపాల్ చార్మినార్ దగ్గరి చాయ్ హోటళ్లకు పాలు పోసి వస్తుండగా చినుకులు మొదలైనాయి. బిల్కీస్ గాజుల దుకాణం రేకు కింద పూజిత నిలుచున్నది. అతడు అదే రేకు కిందికి దూరాడు. వాన ఒక సాకు.

"రేపటికా గాజులు?"

"ఔ. నీకేంది?"

"ఎర్రటియి నచ్చుతయా వానికి?"

"వాడు గాదు, వరుణ్. మస్తు మంచోడు. మర్యాదగ మాట్లాడ్తడు."

"నన్ను గూడ నీ అల్గారిథమ్‌ల ఏసి చూడరాదు? ఎన్నో నంబర్ల వస్తనో."

పూజిత గాజులు పక్కన పెట్టింది.

"రావు. ఏ నంబర్ల రావు. అది మార్కెట్ల లిస్టయిన కంపెనీలనే చూస్తది. లిస్ట్ గాని కంపెనీల బంగారం పండినా దానికి కానరాదు. వరుణ్ మా ఇంటికొచ్చి, అమ్మను సీదా అడిగిండు. నువ్వేం అడిగినవ్? పాలు పోస్తవు, మొఖం ముడుస్తవు, పోతవు. రేపు వాళ్లకు నేనొక మాట జెప్పాలె. ఏం జెప్పమంటవ్?"

వాన జోరందుకొన్నది.

వేణుగోపాల్ భుజం మీది తువ్వాల తీసి, ఆమె చేతి మీదా తన చేతి మీదా కప్పాడు. గేదెల సంతలో బేరగాళ్లు ధరను పైకి పలుకరు. తువ్వాల కింద వేళ్లు పట్టి చెప్పుకొంటారు. చేయి చేతిని నిండుగా పట్టిందంటే బేరం కుదిరినట్లు. గౌలిపుర బిడ్డకు అది తెలియనిది కాదు.

"నన్ను బర్రెను జేసినవా?" పూజిత కళ్లు ఎర్రబడ్డాయి.

"కాదు!" అన్నాడతడు. "సంతల నిలవడ్డది నేను. అమ్ముడువోయేది నేను. ధర నువ్వు జెప్పు. ఎంతన్నా సరే... ఆ వరుణ్‌కు మాత్రం ఔనని చెప్పకు."

"మళ్ల వరుణేనా!"

దుకాణం లోపలినుండి బిల్కీస్ తొంగిచూసింది. "అరే బేటా, రుమాల్ కింద ఏం బేరం? గాజుల ధరయితే నన్నడుగుండ్రి!"

పూజిత ఫక్కున నవ్వింది. తువ్వాల కింద ఒక వేలు అతని అరచేతిని తాకి ఆగింది. పిదప ఆమె చేయి మొత్తంగా అతని చేతిని పట్టుకొన్నది.

చేయి వదలకుండానే అతడడిగాడు: "వరుణ్‌కు ఎవరు జెప్తరు?"

"నేనే ఇప్పుడే ఫోన్ జేసి చెప్త. మర్యాదగ."

"మర్యాదగంటే... నవ్వుకుంటనా?"

"నవ్వకుంటనే చెప్త తీ! గని మా అమ్మకు నువ్వు జెప్పాలె. తువ్వాల లేకుంట. నోరు దెర్సి."

వాన వెలిసింది. గౌలిపుర దాకా పూజిత ముందు నడుస్తుంటే, వెనుక వేణుగోపాల్ 'అత్తా' అన్న ఒక్క మాటను, వేదం నేర్చే వటువువలె, పెదవుల మీద మళ్లీ మళ్లీ వల్లె వేసుకొంటూ నడిచాడు.