కండెలు మోసే కారు

"ఆగు! ముట్టొద్దు!" అని వర్ష అరిచేలోపే విజయ్ ముట్టేశాడు.

చిటుక్కున చిన్న మెరుపు. దాని వెనకే సన్నటి పొగ. వనపర్తిలో కాలేజీ ల్యాబ్ బల్ల మీదున్న రోబో కారు లైట్లన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి.

"ఏం చేసినవ్?"

"చార్జింగ్ ఉందో లేదో చూసిన. రెండు వైర్లు జర తాకిస్తే మెరుపొస్తది గద. మా ట్రాక్టర్ బ్యాటరీ గట్లనే చూస్తం."

"ఇది ట్రాక్టరా?"

కాదని విజయ్‌కీ తెలుసు. కోడేరులో వేరుశనగ పండించే ఇంటి పిల్లవాడు. పక్క సెక్షన్ నుంచి స్క్రూడ్రైవర్ అడుక్కుందామని వచ్చి, ఏకంగా కారునే కాల్చిపెట్టాడు. వర్ష కళ్లలో నీళ్లు చూశాక అతనికి స్క్రూడ్రైవర్ సంగతే గుర్తులేదు.

ఆ కారు మార్కుల కోసం చేసింది కాదు. గద్వాలలో వర్ష ఇంటి ముందు గదిలో వాళ్లవ్వ జమ్ములమ్మ రాట్నం మీద నూలు కండెలు చుడుతుంది. వెనక గదిలో నాన్న కురుమూర్తి మగ్గం. కండెలు అయిపోయినప్పుడల్లా అవ్వ మోకాళ్లు పట్టుకుని లేచి, గోడ ఆసరాతో వెళ్లి ఇచ్చి వస్తుంది. నేల మీద ఎర్రదారం అంటిస్తే, కెమెరాతో దాన్ని చూసుకుంటూ ఆ కండెలు మోసుకెళ్లాలి ఈ కారు. "వచ్చే ఆదివారం తెస్త అవ్వా, ఇంక నువ్వు లేసుడు బంద్" అని వర్ష మాటిచ్చేసింది కూడా. ఇప్పుడు చూస్తే లోపలి కంప్యూటర్ బోర్డు మాడిపోయింది.

"కొత్త బోర్డు నేను తెస్త" అన్నాడు విజయ్.

"తే. కారు నడిచేదాక నాతోని ప్రాజెక్ట్ ముచ్చట తప్ప ఇంకో ముచ్చట తియ్యకు."

పాపం, అతను అప్పటికే ఇంకో ముచ్చటలో పీకల్లోతు మునిగి ఉన్నాడు.

మర్నాడే హైదరాబాద్ పోయి బోర్డు తెచ్చాడు. వర్ష డబ్బా తెరిచి తల పట్టుకుంది.

"ఇది మోడల్ ఫైవ్!"

"లేటెస్ట్! పాత ఫోర్ కంటే మస్తు ఫాస్టంట."

"ఈ కారు కిట్టు మోడల్ ఫోర్ బోర్డు కోసం చేసింది విజయ్! దీనికి పడ్తదా లేదా అడిగినవా?"

"కొత్తది తెస్తే నువ్వు ఖుష్ అయితవనుకున్న."

"ఇది ప్రాజెక్ట్ ముచ్చటేనా?"

"బోర్డు గురించే గద!"

వర్ష నవ్వు ఆపుకోవడానికి కిటికీ వైపు తిరిగింది. కిటికీ అద్దంలో ఆ నవ్వు విజయ్‌కి కనిపించనే కనిపించింది.

స్క్రూలు సరిపోయాయి. విజయ్ ఈల వేశాడు. కెమెరా కేబుల్ దగ్గర ఆ ఈల ఆగిపోయింది. పాత కేబుల్ వెడల్పు, కొత్త బోర్డు సందు ఇరుకు. మళ్లీ హైదరాబాద్ బస్సు. సాయంత్రం జోరువానలో తిరిగొచ్చాడు. ఒంటి మీద పొడిబట్ట లేదు కానీ, ప్లాస్టిక్ కవర్లో చుట్టి చొక్కా లోపల దాచిన కేబుల్ మీద చుక్క పడలేదు.

వర్ష తన చున్నీ కొసను అతని మీదికి విసిరింది. "తల తుడ్చుకో."

"ఇది ప్రాజెక్ట్ ముచ్చటేనా?"

"నీళ్లు బోర్డు మీద పడ్తయి!" అంది, చెవులదాకా ఎర్రబడి.

పాత ప్రోగ్రాం కొత్త బోర్డు పిన్నులను గుర్తుపట్టలేదు. వర్ష కూర్చుని దాన్ని తిరగరాసింది. చక్రాలు తిరిగాయి! తిరగగానే బోర్డు ఆరిపోయి మళ్లీ మొదటికొచ్చింది. కిట్టులోని బ్యాటరీ పాత బోర్డుకు చాలేది, దీని ఆకలికి చాలడం లేదు. "బోర్డుకు వేరే పవర్ బ్యాంక్ పెడ్దాం" అన్నాడు విజయ్. అప్పటికే ఆదివారం వచ్చేసింది.

గద్వాలలో వర్ష ఇంట్లో అడుగుపెడుతూ విజయ్, "నమస్తే సార్" అన్నాడు.

"నేనేమన్న పంతులునా? కాకా అను" అన్నాడు కురుమూర్తి, మగ్గం గుంతలోంచి.

విజయ్ మనసులో వరస కలిపి చూసుకున్నాడు. కాకా అంటే బాబాయి, అప్పుడు వర్ష చెల్లెలైపోదూ! ఆ క్షణం నుంచి ఆయన్ని ఏమీ పిలవకుండానే నెట్టుకొచ్చాడు.

కిట్టు బ్యాటరీని చక్రాలకే ఉంచి, బోర్డు నుంచి దాని వైర్లు పీకి, బోర్డుకు పవర్ బ్యాంక్ పెట్టి, కండెలతో కారును ఎర్రదారం మీద నిలబెట్టారు. బోర్డు హాయిగా వెలిగింది. చక్రాలు మాత్రం చలిజ్వరం వచ్చినట్టు వణికి, ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి తిరిగాయి.

"కండె!" లోపల్నుంచి కేక.

"పోనీ తీయ్ బిడ్డా, నేనే ఇచ్చొస్త" అంటూ అవ్వ గోడ పట్టుకుంది. వర్ష ముఖం వాడిపోయింది.

అది చూసి విజయ్ నేల మీదికి వంగాడు. "ఆగవ్వా! వర్షా, ట్రాక్టర్ల హారనుండనీ, లైట్లుండనీ, నల్ల వైర్లన్ని ఒక్క బాడీకే కడ్తరు. మనం ఎర్రదాంతోటి నల్లది గూడ పీకేసినం!"

"కామన్ గ్రౌండ్!" వర్ష ఎగిరి గంతేసింది. "రెండు బ్యాటరీలకు నల్లది కలవాలె! పెట్టు, జల్ది పెట్టు!"

నల్లవైరు పెట్టాడు. కారు ఒక్క క్షణం ఆగింది. మెల్లగా కదిలింది. ఎర్రదారం పట్టుకుని గడప పక్క సందులోంచి వంపు తిరిగి, మగ్గం దగ్గర ఆగింది. "వచ్చిందే అమ్మా!" అని కురుమూర్తి అరిచాడు. అవ్వ గోడ వదిలేసి, మళ్లీ రాట్నం ముందు కూలబడి చప్పట్లు కొట్టింది.

కారు తిరిగొచ్చింది. అవ్వ మళ్లీ కండెలు నింపి పంపింది.

"నడిచింది. ఇంక మాట్లాడు" అంది వర్ష.

విజయ్ కారు వైపు చెయ్యి చూపించాడు. "అది... ఆ కెమెరా..."

"గది ప్రాజెక్ట్ ముచ్చట!"

"నువ్వంటే నాకు పానం వర్షా. కారు కాల్చి నీతోని తిట్లు తిన్నప్పటి సంది."

"నాకు నువ్వు వానల తడుస్తొచ్చినప్పటి సంది" అంది వర్ష, చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ.

లోపల మగ్గం చప్పుడు ఆగిపోయింది. కురుమూర్తి గడపలోకి వచ్చి చూశాడు. పిల్లలిద్దరూ ఎర్రదారం మీదే నిలబడి ఒకరినొకరు చూసుకుంటున్నారు. దారి కనబడక కారు వాళ్ల కాళ్ల ముందు ఆగి ఉంది.

"నా కండె ఏది?"

విజయ్ గబుక్కున వంగి కండె తీశాడు.

"పొద్దటి సంది నన్ను ఏమనకుండనే మాట్లాడ్తున్నవ్. ఇప్పుడన్న ఏమంటవో అను."

విజయ్ వర్షను చూశాడు. వర్ష తల ఊపింది.

"ఇగో... కండె, మామా."

అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కురుమూర్తి కండె అందుకుని, బిడ్డ ముఖంలోకి ఒకసారి తేరిపార చూశాడు.

"మీ అమ్మానాయినను తోల్కరా, మాట్లాడ్దం. ఇప్పుడైతే ఇద్దరు దారం మీదికెల్లి జరగుండ్రి. నాకు పనున్నది."

ఇద్దరూ చెరో పక్కకి జరిగారు. కారు మధ్యలోంచి మగ్గం వైపు వెళ్లిపోయింది.