ఐసు ఫ్యాక్టరీ నిచ్చెన

పురానాపూల్ దగ్గర కార్ఖానాల నడుమ మూతబడ్డ ఐసు ఫ్యాక్టరీని చిత్రాల గ్యాలరీగా మార్చే పని విమలాదేవికి దొరికింది. పందొమ్మిది వందల డెబ్బై ఎనిమిదిలో ఒక ఆడ ఆర్కిటెక్టును నమ్మి కట్టడం అప్పజెప్పడం చిన్న మాటేం కాదు. అందుకే గోడ మీద చిన్న మరక కనిపించినా ఆమె ప్రాణం ఊరుకునేది కాదు. కొత్తకాలపు చిత్రాలకు తెల్లటి గోడ, పైకప్పు సందులోంచి దిగే వెలుతురు, ఇంకేమీ అక్కర్లేదని ఆమె పట్టుదల.

గుమ్మం మీది దిష్టిబొమ్మ మాత్రం కంట్లో నలుసైంది. చిరిగిన ఖాకీ చొక్కాలో గడ్డి కుక్కి, తలకాయకు కుండ బోర్లించి, మేస్త్రీ ఎల్లప్ప కట్టిన బొమ్మ అది. తెల్లారితే గ్యాలరీ కమిటీవాళ్లు ఫోటోగ్రాఫరుతో దిగుతారు.

"పని పూర్తిగాకముందు దింపొద్దమ్మా," అన్నాడు ఎల్లప్ప. "చూసేటోళ్ల దిష్టంత అది మీదేసుకుంటది. దింపితే ఎవరి మీద పడ్తదో ఏందో!"

"ఇది గ్యాలరీ ఎల్లప్పా, వరిచేను కాదు," అని నవ్వి, స్టూలెక్కి తనే తాడు కోసేసింది.

ఎల్లప్ప సున్నం డబ్బా తీసుకుని, హాల్లో మిగిలిన గోడ ముగించడానికి నిచ్చెనెక్కాడు.

సాయంత్రానికి మబ్బు కమ్మింది. కరెంటు పోయింది. మూసీ కంపుతో పాటు, ఎన్నడో ఆగిపోయిన ఐసు యంత్రాల అమ్మోనియా ఘాటు గోడల్లోంచి లేచింది. చీకట్లో కుంచె చప్పుడు మాత్రం ఆగలేదు. సర్... సర్...

విమల హాలు గుమ్మం దాకా వచ్చి చీకట్లోకి చూసింది. తన తొందర వల్లే కదా అతను అంత ఎత్తున ఉన్నాడు! జారిపడితే ఆ ఉసురు తనకే.

"ఎల్లప్పా! ఇంక చాలు, దిగు!"

కుంచె ఆగింది.

"నిచ్చెన పట్టమ్మా..." పైనుంచి గుసగుస.

తడుముకుంటూ పరుగెత్తి, అందిన మెట్టును రెండు చేతులా అదిమి పట్టుకుంది. కర్ర చల్లగా ఉంది. పైన ఒక మెట్టు కిర్రుమంది. ఇంకొకటి. నిచ్చెన వంగుతోంది... ఎల్లప్ప ఇంత బరువా?

"మెల్లగా... పట్టుకునే ఉన్నాను."

ఇంకో మెట్టు. చన్నీటి చుక్కలు ఆమె మోచేతుల మీద పడ్డాయి.

వెనక గుమ్మంలో వెలుతురు కదిలింది. విమల తల తిప్పి చూసింది. చేతిలో లాంతరుతో ఎల్లప్ప.

"కరెంటు పోంగనే లాంతరు తేనీకి పోయిన్నమ్మా," అన్నాడు. "నువ్వెవరితోని మాట్లాడుతున్నవ్?"

విమల చేతులు లాక్కోబోయింది.

రాలేదు. వాటి మీద ఒక తడి పాదం మోపి ఉంది.