తగ్గిన వెలుగు

మిరపకోతకు కూలీలు తన పేరు వింటే చాలు, పరిగెత్తుకొస్తారని నకరికల్లు వీరాంజనేయులుకు గట్టి నమ్మకం. నమ్మకానికేం, ఎవరికైనా ఉంటుంది. ఆ పొద్దున అరుగు మీద కాఫీ తాగుతూ కూతురు సౌందర్య మీద విరుచుకుపడ్డాడు. ఆ పిల్ల ఈ వారంలోనే బెంగుళూరు పోయి పరిశోధనలో చేరాలని పట్టుబట్టింది.

“కనపడని గ్రహాల కోసం చదువేందమ్మాయ్?”

“విడిగా కనపడవు నాన్నా. నక్షత్రం వెలుగులో కలిసిపోయి ఉంటయ్యి. రెంటి వెలుగూ కలిపే కొలుస్తాం. గ్రహం నక్షత్రం వెనక్కి పోగానే మొత్తం వెలుగు కాస్త తగ్గుద్ది. ఆ తగ్గిందే గ్రహానిది.”

“చాల్లే. ఇక్కడే ఏదో బళ్లో టీచరుగా చేరు.”

సౌందర్య కళ్లు నిండాయి. ఎప్పుడూ నోరెత్తని భార్య పిచ్చమ్మ గుమ్మంలోకి వచ్చింది.

“దాన్ని పోనీయండి.”

“నిన్నెవరడిగారే? అన్నం వండటం తప్ప ఈ ఇంట్లో నువ్వు చేసేదేంది?”

పిచ్చమ్మ లోపలికి పోయింది. రెండు చీరలు సంచిలో పెట్టుకుని ఈపూరులోని చెల్లెలింటికి బస్సెక్కింది.

మర్నాడు చేలో ఒక్క మనిషి లేదు. పండుకాయ చెట్టు మీదే వాడిపోతోంది. వీరాంజనేయులు మండిపడుతూ కూలీల ముఠా పెద్ద కోటమ్మ ఇంటికి పోయాడు.

“నిన్ననే కబురు పంపాగా, ఎందుకు రాలేదే?”

“పిచ్చమ్మక్క వచ్చి పిలవలేదుగా బావా,” అంది కోటమ్మ తాపీగా. “ముందురోజు సాయంత్రం అక్క ఇంటింటికీ వచ్చుద్ది. ఎవరికి ఒంట్లో బాగలేదో, ఎవరి పిల్ల పురిటికొచ్చిందో కనుక్కుంటది. రేపు రండమ్మా అంటది. చానా ఏళ్లుగా ఆ పిలుపు మీదే వస్తన్నాం. నీ కబురుకు ఎవరొస్తారు?”

ఆయన వచ్చిన దారినే మళ్లాడు. ఇంటికొస్తే పొయ్యి వెలగలేదు. కూతురు ముద్ద ముట్టకుండా గోడవైపు తిరిగి పడుకుంది. ఇన్నేళ్లూ తనదనుకున్న వెలుగులో ఎంత పిచ్చమ్మదో ఆమె లేని వెలితి ఇంట్లో కనపడ్డాక తెలిసొచ్చింది. సిగ్గుపడుతూ కండువా భుజాన వేసుకుని బయల్దేరాడు.

మధ్యాహ్నానికి ఈపూరు చేరాడు. పిచ్చమ్మ వసారాలో కందికాయలు వలుస్తోంది, తలెత్తలేదు.

“తప్పు నాదే పిచ్చమ్మా. ఇంటికి రా.”

“నాకు కాదు, దానికి చెప్పండి.”

కూతురికి ఫోన్ చేశాడు.

“అమ్మాయ్, నీ చదువు నాకిప్పుడు అర్థమైందే. సామాను సర్దుకో. అమ్మా నేనూ కలిసి వచ్చి బెంగుళూరు రైలెక్కిస్తాం.”

అవతల నుంచి వెక్కిళ్లు వినపడ్డాయి. ఇవతల ఆయన కండువా తడిసింది.

పిచ్చమ్మ కళ్లు తుడుచుకుని లేచి సంచి అందుకుంది.

“పొద్దుగూకేలోపు ఊళ్లో ఉండాల. రేపటి కోతకి పిలవాలిగా.”

“నేనూ వస్తా. ఎట్లా పిలుస్తావో చూపించు.”