చనిపోయినాయన హాజరైన సమావేశాలు

ఆ ఉదయం చక్రాలాయన వంటింటి గుమ్మం ముందు ఓ చక్రాల కుర్చీని తలకిందులుగా పెట్టి, దాని ఇరుసుకు నూనె పోస్తున్నాడు. నలభై ఏళ్లు సైకిళ్లు బాగుచేసిన చేతులవి. దుకాణం మూసేశాక ఆయన ఓ సంస్థ పెట్టాడు. పాత చక్రాల కుర్చీలు సంపాదించి, బాగుచేసి, నడవలేనివాళ్లకు ఉచితంగా ఇవ్వడమే దాని పని. తాను, భార్య, చిన్ననాటి నేస్తం దర్జీ, ఈ ముగ్గురే ట్రస్టీలు. సీట్లు కుట్టడం దర్జీ వంతు, కోతలు కోయడం ఇద్దరి వంతు. "మా కుర్చీ ఎక్కిన ముసలావిడ వాలులో బస్సును దాటేసింది" అని ఈయన మొదలుపెడితే, "దాటేసి ఊరుకుందా, వెనక్కి తిరిగి కండక్టర్నే టికెట్ అడిగింది" అని దర్జీ ముగించేవాడు.

"ఏమండీ, ఈ కవరు మీ పనిముట్లలో, పానాల డబ్బా అడుగున ఎందుకుంది?" అంటూ భార్య వచ్చి నిలబడింది.

చక్రాలాయన ఉన్న నూనె మీద ఇంకాస్త నూనె పోశాడు.

సంస్థలను తనిఖీ చేసే ప్రభుత్వ కార్యాలయం నుంచి తొమ్మిది రోజుల క్రితం వచ్చిన ఉత్తరమది. మీ ట్రస్టీల్లో ఒకరు మరణించిన తర్వాత కూడా పదకొండు సమావేశాలకు హాజరైనట్లు మీ మినిట్స్ పుస్తకంలో ఉంది, విచారణకు వచ్చి సంజాయిషీ ఇవ్వండి, లేకుంటే సంస్థ గుర్తింపు రద్దవుతుంది అని దాని సారాంశం. కుర్చీ కోసం పేరు రాయించుకుని ఎదురుచూస్తున్నవాళ్లు నలభై ముగ్గురున్నారు. గుర్తింపు పోతే వాళ్లకు ఒక్క చక్రం కూడా ఇవ్వడానికి వీల్లేదు.

భార్య ఉత్తరం చదివి, వెంటనే కూతురికి ఫోన్ చేసింది. కూతురు లాయరు. విచారణలో చిక్కుకున్న సేవాసంస్థల పక్కన నిలబడటమే ఆమె వృత్తి. గంటలో వచ్చి వాలింది.

"లోకమంతా నా ఆఫీసు ముందు వరస కడుతుంది. నువ్వు మాత్రం పానాల డబ్బాకి వకాల్తా ఇచ్చావా నాన్నా?"

"నీకు పనుల ఒత్తిడని..."

"విచారణ ఎల్లుండి! రా, కూర్చో. విచారణకి వెళ్లేవాళ్లెవర్నయినా ముందు నేనే నిలదీస్తాను, ఆఫీసరు కన్నా కటువుగా. ఈ కాసేపు నేను నీ కూతుర్ని కాదు, ఆఫీసర్ని."

"నమస్కారం మేడమ్. టీ తాగుతారా?"

"తాగను. మీ మినిట్స్ పుస్తకంలో ఏడో పేజీ చూడండి. 'కొత్త షెడ్డు అద్దెకు తీసుకునే విషయంలో దర్జీ అభ్యంతరం చెప్పారు. ఇద్దరు అనుకూలం, ఒకరు వ్యతిరేకం.' ఎవరండీ ఈ వ్యతిరేకం?"

భార్యకు నవ్వొచ్చి, దగ్గుతో కప్పిపుచ్చింది.

"వాడు దేనికైనా ఒక పట్టాన ఒప్పుకునే రకమా మేడమ్?"

"ఆయన ఎప్పుడు చనిపోయారు?"

"ఆ షెడ్డు కప్పు కారుతుందని వాడి వాదన. ఎంత కారుతుందంటే, ఓసారి కప్పలొచ్చి అద్దె ఎంతని..."

"నేనడిగింది కప్పల సంగతి కాదు!"

చక్రాలాయన గొంతు తగ్గించాడు. "పోనీ ఓ పని చేద్దామమ్మా. పాత తారీఖు వేసి, ట్రస్టీగా తప్పుకుంటున్నట్టు వాడి పేరు మీద ఉత్తరం రాసేద్దాం. వాడి సంతకం నాకొచ్చు."

కూతురు పుస్తకం మూసేసి లేచి నిలబడింది. "ఇప్పటిదాకా నువ్వు చేసింది తప్పు. ఆ ఉత్తరం రాస్తే మోసం. తప్పు చేసినవాళ్ల పక్కన నేను నిలబడతాను. మోసం పక్కన నిలబడను, కన్నతండ్రివైనా సరే."

"అయితే వెళ్లు! వెళ్లి వాళ్ల తరఫునే వాదించు, పెద్ద లాయరమ్మవి!"

"ఇద్దరూ కాస్త నోళ్లు మూస్తారా?" అంది భార్య. ఎన్నడూ అంత గట్టిగా మాట్లాడని మనిషి. "నీకు తెలీదే అమ్మాయ్. నెలకో ఆదివారం మీ నాన్న మూడు కుర్చీలు వేస్తారు. మూడో కుర్చీకేసి చూసి, 'ఏరా, ఏమంటావ్?' అని అడుగుతారు. కాసేపు ఆగుతారు. ఆ తర్వాతే రాస్తారు. నేను మాత్రం ఏం తక్కువ? మూడు కప్పుల టీ పెట్టి, మూడోది పారబోసేదాన్ని. రెండే చాలన్న మాట నా నోట కూడా రాలేదు."

కూతురు వచ్చి తండ్రి కాళ్ల దగ్గర కింద కూర్చుంది. ఈసారి ఆఫీసరులా అడగలేదు.

"నాన్నా, దర్జీ బాబాయి ఎప్పుడు పోయాడు?"

చక్రాలాయన పక్కనున్న చక్రాన్ని ఓ చుట్టు తిప్పాడు. అది ఆగేదాకా చూశాడు.

"పోయినేడు, వానలకి ముందు. మంగళవారం పొద్దున. సీటు కుడుతూ మిషను మీదే వాలిపోయాడు. మొదటి సమావేశంలో వాడి పేరు పక్కన 'రాలేదు' అని రాయబోయానమ్మా. చెయ్యి ఆడలేదు. ఒక్కసారి రాయలేకపోయాను... ఇక పదకొండుసార్లూ రాయలేకపోయాను." అంతవరకే చెప్పగలిగాడు. అంత పెద్దమనిషీ నూనె చేతులతోనే ముఖం కప్పుకుని ఏడ్చాడు.

కూతురు ఆయన చేతులు తీసి తుడిచింది. తన కళ్లు తుడుచుకోవడం మాత్రం మరిచిపోయింది.

"ఎల్లుండి ఇదే చెప్పు నాన్నా. ఒక్క ముక్క ఎక్కువ వద్దు."

"కప్పలు...?"

"కప్పలు అసలొద్దు."

విచారణలో ఆయన ఆ నాలుగు మాటలే చెప్పాడు. ఏ కుర్చీ ఎవరి ఇంటికి చేరిందో కూతురు వరసగా చూపించింది. ఆఫీసరు చాలాసేపు కాగితాలు తిరగేసి తేల్చిచెప్పింది: గుర్తింపు రద్దు చెయ్యను, హెచ్చరిక మాత్రం రికార్డులో ఉంటుంది, ఆ పదకొండు సమావేశాల తీర్మానాలేవీ చెల్లవు, నెలలోగా మూడో ట్రస్టీని పెట్టుకుని అన్నీ మొదట్నుంచి చర్చించండి.

మెట్లు దిగుతూ, "వాడి చోట ఎవర్ని పెట్టను?" అన్నాడు చక్రాలాయన.

"బాబాయి ఇంట్లో పిన్ని ఉందిగా."

ఆయన కాళ్లు ఆగిపోయాయి. దర్జీ పోయిన దగ్గర్నుంచి ఆ వీధి మొహమే చూడలేదాయన. "ఇన్నాళ్లూ పలకరించని ఇంటికి ఏ మొహం పెట్టుకుని వెళ్లను?"

"ఇప్పుడున్న మొహం చాలు. పద."

దర్జీ భార్య తలుపు తీసి, ఆయన్ని కిందికీ మీదికీ చూసింది. "ఏం అన్నయ్యా, ఇన్నాళ్లకి దారి గుర్తొచ్చిందా?"

ఆయన సమాధానంగా మినిట్స్ పుస్తకం చేతికిచ్చాడు. ఆమె గుమ్మంలోనే నిలబడి చదివింది. ఓసారి నవ్వింది. ఓసారి కళ్లు తుడుచుకుంది. ఏడో పేజీ దగ్గర ముఖం చిట్లించింది.

"ఇక్కడ తప్పు రాశావన్నయ్యా."

చక్రాలాయన మెడ చాచి ఆ పేజీకేసి చూశాడు.

"'అభ్యంతరం చెప్పారు' అని ఒక్క ముక్కలో తేల్చేశావేంటి? మా ఆయన ఒక్క ముక్కతో ఊరుకునే మనిషా? నన్ను ట్రస్టీగా రాసుకో, వస్తాను. ముందు లోపలికొచ్చి కూర్చో. ఆ షెడ్డు గురించి ఆయనైతే ఏమేం అనేవాడో చెప్తా."

"అవన్నీ మినిట్స్‌లో రాయకూడదు పిన్నీ" అంది కూతురు.

"రాయకులే తల్లీ. వినడానిక్కూడా మీ ఆఫీసరు ఒప్పుకోవాలా ఏంటి?"

చక్రాలాయన లోపలికి వెళ్లి కూర్చున్నాడు. ఆమె చెప్పడం మొదలుపెట్టింది. జీవితంలో మొదటిసారి, మధ్యలో ఒక్క కోతైనా కోయకుండా, ఆయన చివరిదాకా విన్నాడు.