మిరియాల బస్తాలో శత్రువు

కంబోడియాలో మిరియాలకి పేరుపడ్డ కంపోట్. అక్కడి ఉప్పుమడుల్లో శవం బోర్లా పడి ఉంది. మిరియాల ల్యాబ్ ఇన్‌స్పెక్టర్ ఫిరున్. వీపులో ఒకే ఒక్క బుల్లెట్.

"చచ్చేముందు మెసేజ్ పంపాడు," అన్నాడు చీఫ్ బున్‌థోన్. "యూరప్ వెళ్లే మిరియాల లోడులో నకిలీ సరుకు సిండికేట్ విదేశీ మిరియాలు కలిపిందట. సాయంత్రం కంటైనర్‌కి సీలు పడుతుంది. అక్కడి పరీక్షలో కల్తీ తేలిందంటే కంపోట్ పేరుకున్న భౌగోళిక గుర్తింపు గోవిందా! ఆ తర్వాత ఎవడైనా ఏ చెత్తయినా ఆ పేరుతో అమ్ముకోవచ్చు. ఆ సిండికేట్‌కి కావలసింది అదే."

"కాంటాక్ట్?" అడిగాడు ఏజెంట్ నారిత్.

"మాలిస్. సిండికేట్‌లో మన మనిషి."

పక్కనున్న కెప్ ఊరి పీతల బజార్లో ఎర్ర సిల్కు గౌనులో నిలబడి ఉంది మాలిస్. చూపు తిప్పుకోవడం కష్టమే.

"పీతలు ఉడికాయా?" కోడ్ చెప్పాడు నారిత్.

"మంట చాల్లేదు," నవ్వింది. "కొండ అవతల గోడౌన్ ఉంది. అక్కడ వెతుకు."

సింగపూర్ వ్యాపారి వేషంలో బయల్దేరిన నారిత్ దారిలోనే జీపు ఆపాడు. దారి పక్కన హెమ్ తాత అనే ముసలి రైతు తోటలో మిరియాల తీగలు తెగులుకు ఎండిపోయి ఉన్నాయి. అదే తోటలోంచి నిండు బస్తాలతో లారీ రేవుకి వెళ్లిపోతోంది.

"తాతా, తోట ఎండితే బస్తాలెలా నిండాయి?"

"మావాళ్లు నింపారు బాబూ! ఒకడి పంట పోతే మిగతావాళ్లం తలా ఓ బుట్ట పోస్తాం. ఒప్పుకున్న సరుకు ఇవ్వకపోతే రైతుల సంఘంలోంచి తీసేస్తారు. అప్పుడిక కంపోట్ పేరు పెట్టుకుని అమ్మనివ్వరు."

"ఎవరి బుట్టలో ఏముందో చూశావా?"

"అదేం మాటయ్యా! సాయం చేసేవాళ్ల బుట్టలోకి తొంగిచూస్తామా? సిగ్గులేదూ!" ముసలాయన మురిసిపోతూ చెప్పాడు. "పట్నంలో ఉంటున్న మా ఊరి పిల్ల మాలిస్ కూడా వచ్చింది. కారు డిక్కీ నిండా తెచ్చి పోసింది, బంగారుతల్లి!"

మాలిస్ చెప్పిన గోడౌన్ వైపు వెళ్లలేదు నారిత్. జీపును రేవుకి పరుగెత్తించాడు.

కంటైనర్ తలుపు మూయబోతున్నారు. నారిత్ లోపలికి దూరి హెమ్ తాత బస్తాకి లైటర్ ఆనించాడు. అది లైటర్ కాదు, కల్తీని పట్టే స్కానర్. ఎర్ర లైటు వెలిగింది. అంతలో మెడకి పిస్టల్ తగిలింది.

"ఫిరున్‌ని చంపిందీ నువ్వేనా?" అడిగాడు నారిత్.

"వాడు కూడా బస్తా దగ్గరే దొరికాడు," అంది మాలిస్. "అరిచావంటే సరుకు ఆగిపోతుంది, నిజమే. కానీ బస్తా మీద పేరు హెమ్‌ది. ముసలాడి కొంప మునుగుతుంది. ఆలోచించుకో."

ఆలోచించాడు. లైటర్ రెండో బటన్ నొక్కాడు. కళ్లు చెదిరే మెరుపు. మాలిస్ చేతిని ఒడిసిపట్టి మెలితిప్పాడు. పిస్టల్ జారిపడింది.

"సీలు ఆపండి!"

బయట అధికారి చెయ్యి గొళ్లెం మీదే ఆగిపోయింది.

కంపోట్ పేరు దక్కింది. మాలిస్ జైలుకెళ్లింది. చీఫ్‌కి ప్రమోషన్ వచ్చింది. కల్తీ బస్తా ఎవరిదైతే వాళ్లని తీసెయ్యాలన్నది రూలు. నారిత్ ఎంత మొత్తుకున్నా సంఘం వినలేదు, హెమ్ తాతని తీసేసింది. బుట్టలు పోసుకోవడం కూడా నిషేధించింది. నిన్నటిదాకా బుట్టలు పోసిన జనమే తాతని చూసి మొహం తిప్పుకున్నారు. ఛీ, ఎంత తేలిగ్గా!

"మా తాత నాటిన తోట బాబూ," అన్నాడు హెమ్. "ఈ మట్టిలో పండింది ఈ ఊరిది కాకుండా ఎలా పోయింది?"



బతికిన కాసిని తీగల కాపును తాత ఇప్పుడు రోడ్డు పక్కన గోనెపట్టా మీద పోసి అమ్ముకుంటున్నాడు. అసలు సిసలు కంపోట్ మిరియాలు. పేరొక్కటే లేదు, అందుకే చవక.