స్పీడందుకుంటేనే వేడెక్కే లారీ

లారీ కంటే ముందు దాని ఆవిరి షెడ్డులోకి వచ్చింది. ముందు చక్రాలు గేటు దాటేసరికి బానెట్ సందుల్లోంచి తెల్లగా బుసలు కొడుతోంది. వెనక తొట్టి నిండా పూలమొక్కల కుండీలు. డ్రైవరు సీట్లోంచి ఒక అమ్మాయి దిగి, మెడలో వేసుకున్న తువ్వాలు తీసి చేత్తో పట్టుకుని బానెట్ వైపు నడిచింది.

మెకానిక్ చేతిలో స్పానరు కింద పడేసి, ఒక్క ఉరుకులో వెళ్లి ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"ఇప్పుడు రేడియేటర్ మూత తీస్తే మొహం కాలుతుంది."

"తెలుసు," అందామె. "నేను చెమట తుడుచుకుందామని తీశాను. చెయ్యి వదిలితే తుడుచుకుంటాను."

వదిలాడు. మణికట్టు చుట్టూ అతని వేళ్ల గ్రీజు గాజుల్లా మిగిలింది. ఆమె ఆ గ్రీజును తువ్వాలుతో శుభ్రంగా తుడిచి, తువ్వాలును అతని భుజం మీద వేసి, ఉతికి ఇమ్మంది. షెడ్డు ముందు గదిలో స్పేర్ పార్టుల కౌంటరు చూసుకునే అతని అక్క నవ్వాపుకోలేక లోపలికి వెళ్లిపోయింది.

ఇంజను చల్లారేలోపు సంగతులు తెలిశాయి. ఆమె వాళ్ల నాన్నది మొక్కల నర్సరీ. లారీ తాతగారి నాటిది. పాత డ్రైవరు మానేశాక, తనే నడుపుతానని ఆమె నాన్న వెంటపడి వెంటపడి ఒప్పించింది. ఆయన తాళం చెవి ఇచ్చాడు గానీ మనస్ఫూర్తిగా ఇవ్వలేదు. ఎక్కడ ఏ చిన్న గీత పడినా తిరిగి తీసేసుకోవడానికి సిద్ధంగా ఉన్నాడు. అందుకే ఈ ఆవిరి సంగతి ఇంట్లో చెప్పకుండా నేరుగా షెడ్డుకి వచ్చేసింది.

మెకానిక్ చూశాడు. ఫ్యాన్ బెల్టు వదులుగా ఉంది. బిగించి, నీళ్లు నింపి, ఇక పర్వాలేదన్నాడు.

కొద్ది రోజులకే మళ్లీ వచ్చింది. ఈసారి థర్మోస్టాట్ విప్పాడు. అదొక చిన్న ఇత్తడి బిళ్ల. నీళ్లు వేడెక్కగానే తెరుచుకుని వాటిని రేడియేటర్‌లోకి వదలాలి. టీ కాచుకునే గిన్నెలో నీళ్లు మరిగించి, అందులో ఆ బిళ్లను వేసి ఆమెను పిలిచి చూపించాడు. ఇద్దరూ స్టవ్వు ముందు గొంతుక్కూర్చుని, అదెప్పుడు తెరుచుకుంటుందా అని ఊపిరి బిగబట్టి చూశారు. అది బుద్ధిగా తెరుచుకుంది. దాంట్లో తప్పేం లేదన్నమాట. ఆ కాస్సేపూ మాత్రం చాలా బాగుంది. ఆ గిన్నెలో మళ్లీ టీ పెడితే ఊరుకోనని అక్క లోపలి నుంచి హెచ్చరించింది.

ఆ తర్వాత రేడియేటర్ కడిగాడు. మూత మార్చాడు. ప్రతిసారీ నయమైనట్టే కనిపించి లారీ మళ్లీ వచ్చేది. వచ్చేటప్పుడు ఆమె ఏదో ఒక మొక్క తెచ్చి కౌంటరు మీద పెట్టేది. షెడ్డు గుమ్మం దగ్గర ఎన్నడూ లేని పచ్చదనం మొదలైంది.

"ఒరేయ్, ఆ బండి బాగవ్వాలని నీకు నిజంగా ఉందా?" అని అక్క ఒకరోజు సూటిగా అడిగింది.

ఉంది. నిజంగానే ఉంది. బాగు చేసి ఆమె చేత శభాష్ అనిపించుకోవాలని, ఒక్కసారి వాళ్ల నాన్న ఎదురుగా నిలబడి తలెత్తుకుని మాట్లాడాలని ఉంది. ఆ మాటే అక్కతో అన్నాడు. అక్క ఆ రోజు వెక్కిరించలేదు.

ఒక మధ్యాహ్నం గట్టి వాన పట్టుకుంది. షెడ్డు రేకుల మీద చప్పుడుకి ఒకరి మాట ఒకరికి వినబడక ఇద్దరూ దగ్గరగా జరిగి నిలబడాల్సి వచ్చింది. ఆమె తలంతా తడిసింది. ముంగురుల చివర ఒక చినుకు వేలాడుతూ, రాలనా వద్దా అన్నట్టు ఊగుతోంది.

"ఒకటి గమనించాను," అందామె. "ఊళ్లో నెమ్మదిగా ఎంతసేపు తిప్పినా వేడి చూపించే ముల్లు కదలదు. బయట రోడ్డెక్కి స్పీడందుకుంటే చాలు, పైకి పాకుతుంది. స్పీడు తగ్గిస్తే మళ్లీ దిగుతుంది. వింతగా లేదూ?"

"వింతే," అన్నాడు. ఆ చినుకు అప్పుడే ఆమె ముక్కు మీద రాలింది. అతని చెవులు ఆ గొంతును విన్నాయి గానీ ఆ మాటలను వినలేదు.

తర్వాతి వారం లారీ మండుటెండలో ఊరికి దూరంగా రోడ్డు మీద ఆగిపోయింది. సాయం దొరికేసరికి తొట్టిలోని మొక్కలన్నీ వాడిపోయి తలలు వాల్చేశాయి. వేరే బండికి కట్టి లాక్కుని షెడ్డుకి తెచ్చారు. ఆమెతో పాటు వాళ్ల నాన్న కూడా దిగాడు. సన్నగా, పొడుగ్గా, తక్కువ మాట్లాడే మనిషి. మెకానిక్ గబగబా చేతులు తుడుచుకుని, చొక్కా సర్దుకుని, ఆయనకు కుర్చీ వేశాడు. ఆయన కూర్చోలేదు.

ఏమేం మార్చావని అడిగాడు. మెకానిక్ అన్నీ చెప్పాడు. ఆయన శ్రద్ధగా విని, అయితే ఇక మార్చడానికి ఏం మిగల్లేదు కదా అన్నాడు.

"మరి బండిలో లోపమా బాబూ, నడిపేవాళ్లలోనా?"

తెలియడం లేదండీ అంటే సరిపోయేది. ఇంకొక్క రోజు బండి వదిలి వెళ్లండి, మీ అమ్మాయి ఏదో చెప్పింది, అది చూడాలి అన్నా సరిపోయేది. కానీ ఆ పెద్దమనిషి ముందు చేతకానివాడిలా నిలబడటం అతనికి ప్రాణం మీదికి వచ్చినట్టయింది.

"బండిలో ఏం లేదండీ," అన్నాడు. "నీళ్లు రోజూ చూసుకోవాలి. పాత ఇంజను కదా, గేరు సరిగ్గా చూసుకుని నడపాలి."

ఆమె అతని వైపు చూసింది. కోపంగా కాదు. తెలిసిన మనిషనుకుని పలకరించబోతే ఇంకెవరో తల తిప్పినప్పుడు చూసినట్టు చూసింది. వాళ్ల నాన్న చెయ్యి చాపాడు. ఆమె జేబులోంచి తాళం చెవి తీసి ఆ చేతిలో పెట్టి, షెడ్డు బయటికి నడిచింది.

నోట్లోంచి ఆ మాట జారిన క్షణంలోనే అది తప్పని అతనికి తెలిసింది. అయినా వెనక్కి తీసుకోలేదు. సాయంత్రం అక్క అతనితో మాట్లాడకుండా కౌంటరు మూసి ఇంటికి వెళ్లింది.

నర్సరీవాళ్లు కొత్త డ్రైవరును పెట్టుకున్నారు. చేయి తిరిగిన మనిషి. అతని చేతిలోనూ లారీ అదే రోడ్డు మీద అలాగే పొగలు కక్కింది.

ఈసారి లారీతో పాటు ఆమె నాన్న ఒక్కడే వచ్చాడు. మెకానిక్ ఏమీ విప్పలేదు. ఆయన్ని సీట్లో కూర్చోబెట్టి ఇంజను స్టార్ట్ చేయించి, తను బానెట్ ఎత్తి పక్కన నిలబడ్డాడు. మామూలుగా ఆడుతున్నంతసేపూ అంతా సవ్యంగానే ఉంది. వానలో ఆమె చెప్పింది అప్పుడు గుర్తొచ్చింది. మాట మాటా గుర్తొచ్చింది. ఆక్సిలరేటర్ గట్టిగా తొక్కి పట్టమన్నాడు.

ఇంజను రొద పెరిగింది. అతను చూస్తుండగానే, రేడియేటర్ అడుగు నుంచి పంపుకి నీళ్లు తీసుకెళ్లే లావుపాటి రబ్బరు పైపు లోపలికి పీల్చుకుపోయి పీక్కుపోయిన బుగ్గలా అతుక్కుపోయింది. కాలు తీయగానే మళ్లీ ఉబ్బింది. పైపు విప్పి చూస్తే, దాన్ని నిలబెట్టాల్సిన లోపలి స్ప్రింగు తుప్పు పట్టి పొడైపోయి ఉంది. ఇంజను వేగంగా తిరిగితే పంపు గట్టిగా లాగుతుంది, మెత్తబడ్డ పైపు మూసుకుంటుంది, నీళ్లు ఆగిపోతాయి. నెమ్మదిగా తిరిగితే ఏ గొడవా లేదు.

అతను ఆ పైపు పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్లాడు.

"ఇదండీ లోపం. మీ అమ్మాయి నాకు ముందే చెప్పింది, స్పీడందుకుంటేనే వేడెక్కుతోందని. నేనే వినిపించుకోలేదు. ఆవిడ నడపడంలో ఏ తప్పూ లేదు. ఆ రోజు మీ ముందు తెలియదనలేక అలా అనేశాను."

ఆయన పైపును అటూ ఇటూ తిప్పి చూశాడు. చివరికి, తనూ కూతుర్ని ఒక్క మాటైనా అడగలేదని చెప్పాడు. ఆమె ఇప్పుడు వాళ్ల పిన్ని ఉండే ఊళ్లో, సరుకులు చేరవేసే ఒక కంపెనీలో లారీ నడుపుతోందట. ఫోన్ చేస్తే క్షేమం చెప్పి పెట్టేస్తుందట.

"నేను చెప్పాల్సింది నేను చెప్పుకుంటాను," అన్నాడాయన. "నీది నువ్వు వెళ్లి చెప్పు."

వెళ్లాడు. ఆ కంపెనీ గోడౌను ముందు లారీలు వరసగా ఆగి ఉన్నాయి. ఆమె ఖాకీ చొక్కా వేసుకుని, లోడు మీద కప్పిన టార్పాలిన్ తాడు బిగిస్తోంది. అతన్ని చూసి ఆశ్చర్యపోలేదు. నాన్న ఫోన్ చేశారంది. పైపు సంగతి చెప్పారనీ, తిరిగి వచ్చెయ్యమన్నారనీ, తను రానన్నాననీ చెప్పింది. ఇక్కడ తన పని తనకు బాగుంది. ఇక్కడ ఆమె మాటను ఎవరూ ఇంకొకరిని అడిగి నమ్మరు.

అతను దారంతా కూడబెట్టుకున్న మాటలు ఒకదాని మీద ఒకటి పడిపోయాయి. క్షమించమన్నాడు. ఆ రోజు ఆయన మెప్పు కోసం అలా మాట్లాడానన్నాడు.

"ఆయన మెప్పు మీకెందుకు?" అందామె.

"మీ కోసమే."

ఆమె ముడి వేయడం ఆపింది. దూరంగా ఎవరో విజిల్ వేసి లారీని వెనక్కి రమ్మంటున్నారు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ గొంతు మాత్రం మారలేదు.

"అప్పుడు నన్నడిగి ఉంటే ఊ అనేదాన్ని. అన్ని మొక్కలు ఊరికే తెచ్చాననుకున్నారా?"

"ఇప్పుడు అడిగితే?"

"ఇప్పుడు అడగకండి," అంది. "కాదని చెప్పడం నాకు ఇష్టం లేదు."

సన్నగా తుంపర మొదలైంది. తన దారి బస్టాండు మీదుగానేనని, ఎక్కమని చెప్పింది. అతను ఎక్కి ఆమె పక్కన కూర్చున్నాడు. కిటకిటలాడే ఆ సందుల్లోంచి అంత పెద్ద లారీని ఆమె ఎక్కడా కుదుపు లేకుండా, ఏ గేరూ కీచుమనకుండా బయటికి తెచ్చింది. సైకిల్ మీద వెళ్తున్న ముసలాయనకు దారిచ్చి, మలుపు దగ్గర ముందే వేగం తగ్గించి, నీళ్లు చిమ్మకుండా గుంటను తప్పించింది. అన్నాళ్ల పరిచయంలో ఆమె బండి నడపడం అతను ఒక్కసారి కూడా చూడలేదు. చూడకుండానే అంత మాట అన్నాడు.

బస్టాండు దగ్గర దిగాడు. అక్కను అడిగానని చెప్పమంది. మొక్కలకు వేసవిలో రెండు పూటలా నీళ్లు పొయ్యాలని చెప్పింది. అలాగేనన్నాడు. ఇంకేమైనా అంటుందేమోనని తలుపు పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. ఆమె అద్దంలోంచి వెనక్కి చూసి, ఇండికేటర్ వేసి, మెల్లగా రోడ్డెక్కింది.

వానలో ఆ లారీ కనబడకుండా పోయేదాకా చూసి, అతను టికెట్ కౌంటరు వైపు నడిచాడు.