తాతగారి దారిలో కుర్చీ

"నా సోఫా ఎవరు కదిపారు?"

గుమ్మంలో నిలబడి లెక్కల మాస్టారు అడిగిన మొదటి మాట అది. పొద్దుటి నుంచి చెమటోడ్చి హాలుకి కొత్త కళ తెచ్చిన అమ్మాయి కనీసం ఒక థాంక్స్ వస్తుందనుకుంది. ఇళ్ళు సర్దిపెట్టడం ఆమె వృత్తి. తమ్ముడి పుట్టినరోజు కానుకగా ఆమెను పిలిపించింది మాస్టారి అక్క.

"నేనే. బాగుంది కదండీ?"

అప్పుడే ఓ ముసలి పిల్లి ఠీవిగా నడిచొచ్చి, చోటు మారిన టీపాయ్‌కి మూతి గుద్దుకుంది. ఆమెకి నవ్వాగలేదు. మాస్టారు గబుక్కున మోకాళ్ళ మీద కూర్చుని, "తాతగారూ, నేనే" అని చెప్పి మరీ దాన్ని తాకాడు.

"షుగరండీ దీనికి. రెండు పూటలా ఇన్సులిన్ ఇస్తున్నా. చూపు కూడా తగ్గుతోంది. ఈ ఇల్లు దీనికి కంఠతా వచ్చు. ముట్టుకునే ముందు కూడా చెప్పాలి, లేకపోతే హడలిపోతుంది."

ఆమె నాలుక్కరుచుకుని సోఫాకి ఓ చివర పట్టుకుంది. అతను రెండో చివర పట్టుకున్నాడు.

"ఎడమకి. ఇంకాస్త. అబ్బే, అంత కాదు."

"స్కేలు తెచ్చుకోండి మాస్టారూ."

అతను నవ్వు మింగేశాడు. అది ఆమె చూడనే చూసింది.

మర్నాడు మర్చిపోయిన కొలతల టేపు కోసం వచ్చింది. టేపు బ్యాగులోనే ఉందన్న సంగతి మనకెందుకు. తాతగారు కిటికీ దగ్గర ఎండలో పడుకుని ఉన్నాడు.

"మాస్టారూ, ఇంత వెలుగులో దీని కనుపాపలు అంత పెద్దగా ఉన్నాయేంటి? సన్నబడాలి కదా?"

మాస్టారి మొహం పాలిపోయింది. "నిన్న ఇలా లేవండీ."

తాతగారున్న బుట్ట ఆమె ఒళ్ళో, కారు స్టీరింగ్ అతని చేతిలో. పశువుల డాక్టరమ్మ పరీక్ష చేసి చెప్పింది. "షుగర్ ఒక్కటే కాదు, బీపీ బాగా ఎక్కువైంది. కంటి వెనక పొర ఊడుతోంది. మాత్రలు మొదలుపెడదాం. ఇవాళే తెచ్చారు కాబట్టి కొంత చూపు మిగలొచ్చు."

కొంత మిగిలింది. ఎడమ కంట్లో.

ఆ తర్వాత ప్రతి ఆదివారం ఆమె 'సర్వీసింగ్'కి వచ్చేది. ఇంట్లో పూచికపుల్ల కూడా కదపకూడదు, ఇంక సర్వీసింగ్ దేనికో ఇద్దరూ ఒకరినొకరు అడగలేదు. భోజనాల బల్లకి ఉన్నది ఒకటే కుర్చీ. అందులో మాస్టారు. ఆమె సోఫా అంచున కూర్చుని కాఫీ తాగేది.

"ఇంకో కుర్చీ కొనకూడదూ?"

"తాతగారి దారికి అడ్డం."

ఆమె నవ్వింది కానీ ఆ మాట గుచ్చుకుంది. మాస్టారంటే ఆమెకి ప్రాణం. అతని ఇంట్లో తనకి చోటు లేదు. రెండు ఆదివారాలు రాలేదు.

మూడో ఆదివారం అతనే ఫోన్ చేశాడు. "తాతగారు మాత్ర మింగట్లేదు. మీరు చెబితే వింటాడు."

వచ్చి చూస్తే బల్ల దగ్గర రెండో కుర్చీ. తాతగారు దాని చుట్టూ తిరిగి, కుర్చీ కాలికి ఒళ్ళు రాసుకుని, తన దారిన తాను పోయాడు.

"గుద్దుకోలేదే?"

"వరండాలోంచి రోజుకి జానెడు చొప్పున జరుపుకుంటూ వచ్చా. మీరు అడిగిన రోజే మొదలుపెట్టా. ఇవాళ్టికి బల్ల దగ్గరికి చేరింది." మాస్టారు గొంతు సవరించుకున్నాడు. "పుట్టినరోజు కానుక వెనక్కివ్వనని అక్కకి చెప్పేశాను. మీకు అభ్యంతరమా?"

ఆమె ఆ కుర్చీలో కూర్చుంది. కళ్ళు చెమర్చాయి. మెల్లగా చెయ్యి చాచింది.

"మాస్టారూ, నేనే" అని చెప్పి మరీ అతని చెయ్యి పట్టుకుంది.